రవాణా వేరు, చేరవేత వేరు

(భిలాయిలో తెలుగువారు ఏర్పాటు చేసిన సభలో చదివిన ప్రసంగ పాఠం)



సరుకుల రవాణాను గురించి మాట్లాడవలసిందని నన్ను ఆహ్వానించినప్పుడు నేను కొంత సంకోచించాను. నేను ఇంజనీరును కాను, రైల్వే ఉద్యోగినీ కాను. హిందీ నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. అందులో భాగంగా రైళ్ళు, రేవులు, రహదారులకు సంబంధించిన వ్యాసాలను, నివేదికలను కొన్నింటిని తెలుగు చేశాను. ఈ సభలో వ్యాగన్లు నింపినవారు, కొలిమి దగ్గర పనిచేసినవారు, లారీలు నడిపినవారు ఉన్నారు. ఈ విషయంలో మీకున్న అనుభవం నాకు లేదు. అయితే మాటలను తూచి చూడడం నాకు అలవాటు. కాబట్టి ఒక మాటతోనే ప్రారంభిస్తాను.

"రవాణా" అనే మాట మనకు హిందూస్తానీ నుంచి వచ్చింది. హిందీలో సరుకు "రవానా" అయిందంటే బయలుదేరిందని మాత్రమే అర్థం. చేరిందో లేదో ఆ మాట చెప్పదు. మనం ఆ మాటను తీసుకుని మొత్తం ప్రయాణానికే పేరుగా పెట్టుకున్నాము. మనకు "చేరవేత" అనే మంచి తెలుగు మాట ఉన్నది. చేర్చడమనే భావం అందులోనే ఇమిడి ఉన్నది. రైలు గొప్పదా, లారీ గొప్పదా, ఓడ గొప్పదా అనే చర్చలో చాలామంది రవాణా లెక్క చెబుతారు. సరుకు అందుకునేవానికి కావలసింది చేరవేత లెక్క. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే నేటి నా ప్రసంగ విషయం.

నిన్న సాయంత్రం ఖుర్సీపార్‌లో ఒక తెలుగు యువకుడు నన్ను కలుసుకున్నాడు. అప్పు చేసి టిప్పరు కొన్నాడు. గని నుంచి రైలులో నింపే చోటికి ఖనిజం తోలుతున్నాడు. "అన్నగారూ, రేపు సభలో మీరు రైలే గొప్పదని చెబుతారు కదా. మరి నా లారీ వాయిదాలు ఎవరు కడతారు?" అని అడిగాడు. దానికి అప్పటికప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ ప్రసంగం ముగిసేలోపున చెప్పడానికి ప్రయత్నిస్తాను.

టన్నును లాగడానికి ఎంత బలం?

మొదట రైలు వైపు న్యాయం చూద్దాము. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రెండూ దాదాపుగా నలగవు. రబ్బరు టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు ప్రతి క్షణం నొక్కుకుపోయి తిరిగి లేస్తుంది. ఆ నలుగుడులో శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. స్థూలంగా చెప్పాలంటే, చదునైన నేల మీద మెల్లగా సాగే బండిలో టన్ను బరువును కదిలించడానికి పట్టాల మీద రెండు కిలోల లాగుడు చాలు. మంచి తారురోడ్డు మీద ఏడు నుంచి పది కిలోల దాకా కావాలి. మట్టిబాట మీద ఎడ్లబండికి ఇంకా ఎన్నో రెట్లు కావాలి. ఇది మనుషుల సామర్థ్యం వల్ల కలిగిన తేడా కాదు. ఇనుముకూ రబ్బరుకూ ఉన్న తేడా.

భిలాయి పుట్టుక ఈ లెక్క మీదనే ఆధారపడినది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. ఈ స్థలాన్ని ఎన్నుకోవడానికి కారణాలు పటం చూస్తే తెలుస్తాయి. బొంబాయి–హౌరా ప్రధాన రైలు మార్గం పక్కనే ఉన్నది. ఇనుప ఖనిజం సుమారు 90 కిలోమీటర్ల దూరంలో దల్లీ–రాజహరా కొండలలో ఉన్నది. సున్నపురాయి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో నందిని వద్ద ఉన్నది. నీరు తాందులా జలాశయం నుంచి వస్తుంది. బొగ్గు మాత్రమే దూరం నుంచి రావాలి.

ఒక టన్ను ఉక్కు తయారు కావడానికి ఖనిజం, బొగ్గు, సున్నపురాయి వగైరా కలిసి స్థూలంగా మూడు టన్నుల ముడిసరుకు కావాలి. ఏడాదికి 40 లక్షల టన్నుల ఉక్కు తయారు చేసే కర్మాగారాన్ని ఉదాహరణగా తీసుకుందాము. దానికి ఏడాదికి కోటీ 20 లక్షల టన్నులు, అంటే రోజుకు సుమారు 33,000 టన్నుల ముడిసరుకు రావాలి. 58 పెద్ద వ్యాగన్లున్న ఒక గూడ్సు బండి సుమారు 3,800 టన్నులు మోస్తుంది. అటువంటి బండ్లు రోజుకు తొమ్మిది చాలు. అదే పనిని 19 టన్నులు మోసే పది చక్రాల లారీలతో చేయాలంటే రోజుకు 1,700కు పైగా లారీలు కావాలి. రాత్రింబగళ్ళు, ఆదివారం పండుగ అనకుండా, యాభై సెకన్లకు ఒక లారీ కర్మాగారం ద్వారం వద్దకు రావాలి. యాభై సెకన్లకు ఒకటి ఖాళీగా బయటికి పోవాలి. ఆ దారి పక్కన కాపురముండేవారి పరిస్థితిని ఊహించుకోండి.

లోపలినుంచి బయటికి వెళ్ళే సరుకులో కూడా రైలు తప్ప గతిలేనిది ఒకటున్నది. అది రైలు పట్టాయే. భిలాయిలో అతికించి సిద్ధం చేసే 260 మీటర్ల పొడవైన పట్టాను ఏ లారీ మోయగలదు? వరుసగా కూర్చిన ప్రత్యేకమైన వ్యాగన్ల మీద పరచి పంపిస్తారు. మార్గం మలుపు తిరిగిన చోట ఆ పట్టాలు కూడా బండితోపాటు వంగుతాయి. దేశంలోని రైలు మార్గాలకు పట్టాలు ఈ విధంగా పట్టాల మీదుగానే వెళ్ళి చేరుతున్నవి.

చేతులు మారిన కొద్దీ

ఇంత మేలున్నప్పుడు దేశంలోని సరుకంతా రైలు మీదనే ఎందుకు పోవడం లేదు? స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో సరుకుల మోతలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా రైళ్ళదే. ఇప్పుడు అది మూడోవంతు కన్నా తక్కువ. దీనికి కారణం నాకు పుస్తకాల వల్ల కాక, పుస్తకాల పెట్టెల వల్ల తెలిసింది.

కొన్నేళ్ళ క్రితం పార్వతీపురంలోని మా ఇంటి నుంచి నాలుగు పెట్టెల పుస్తకాలను ఇక్కడికి తెప్పించుకున్నాను. రెండు పెట్టెలు రైలులో వచ్చాయి. మిగిలిన రెండింటిని బంధువులొకరు ఇల్లు మారుతూ తమ సామానుల లారీలో తెచ్చిపెట్టారు. రైలు పెట్టెల ప్రయాణం ఒక రాత్రి. కాని వాటిని ఇంటి దగ్గర రిక్షాలో ఎక్కించాలి, స్టేషనులో దించాలి. బండిలో ఎక్కించాలి, ఇక్కడ దించాలి. ఆటోలో ఎక్కించాలి, గుమ్మం ముందు దించాలి. మొత్తం ఆరుసార్లు చేతులు మారాయి. నేను తీరిక చేసుకుని స్టేషనుకు వెళ్ళడానికి మూడు రోజులు పట్టింది. లారీ పెట్టెలు అక్కడ ఎక్కాయి, ఇక్కడ దిగాయి. రైలు కిరాయి తక్కువే. కాని రిక్షా, ఆటో, కూలీ కలుపుకుంటే ఆ తక్కువ ఎక్కడికో పోయింది.

సిద్ధాంతం ఇదే. దూరం పెరిగిన కొద్దీ, బరువు పెరిగిన కొద్దీ రైలు చవక. చేతులు మారిన కొద్దీ రైలు ఖరీదు. గని గట్టున ఎక్కి కొలిమి గట్టున దిగే ఖనిజానికి మధ్యలో చేతులు మారవు. పైగా అడుగు తలుపులు తెరిస్తే సరుకు తనంతట తానే జారిపడే వ్యాగన్లు ఉన్నవి. కాబట్టి అక్కడ రైలుకు సాటి లేదు. కాని రాయపూర్‌లో ఇల్లు కట్టుకునే ఉపాధ్యాయునికి మూడు టన్నుల ఇనుప చువ్వలు కావాలి. ఆయన ఇంటి ముందుకు పట్టాలు వేయలేము. గూడ్సు బండి సగటు వేగం ఎన్నో ఏళ్ళపాటు గంటకు 25 కిలోమీటర్ల దగ్గరనే ఉండిపోయింది. ప్రయాణికుల బండ్లకు దారి ఇస్తూ పక్క లైన్లలో నిలబడడం దానికి ముఖ్య కారణం. ఫలానా రోజున సరుకు వస్తుందని నమ్మకం లేకపోతే వ్యాపారి ఎక్కువ కిరాయి ఇచ్చి అయినా లారీనే పిలుస్తాడు. అది అతని అజ్ఞానం కాదు. అతడు చేరవేతకు వెల కడుతున్నాడు.

తిరుగు ప్రయాణం

లారీ లెక్కలో కూడా కనిపించని ఖర్చు ఒకటి ఉన్నది. ఆ యువకుడే నాకు లెక్క చెప్పాడు. నిండు లోడుతో లారీ లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్లు, ఖాళీగా ఆరు కిలోమీటర్లు పోతుందనుకుందాము. 19 టన్నులతో 90 కిలోమీటర్లు వెళ్ళడానికి ఇరవై రెండున్నర లీటర్లు కావాలి. వెళ్ళేటప్పటి లెక్క మాత్రమే చూస్తే, లీటరు డీజిలుతో 76 టన్నులను ఒక కిలోమీటరు దూరం మోసినట్లు. కాని లారీ ఖాళీగా తిరిగి రావాలి. అందుకు ఇంకొక పదిహేను లీటర్లు. ఇప్పుడు ఆ 76 టన్నులు 46 టన్నులకు పడిపోతాయి. బరువు మారలేదు, రోడ్డు మారలేదు. ఖాళీ తిరుగు ప్రయాణం దాదాపు నాలుగు పదుల శాతం తినివేసింది.

ఈ విద్య మన పూర్వులకు బాగా తెలుసు. రైళ్ళు రాకముందు ఛత్తీస్‌గఢ్, బస్తర్ ప్రాంతాలకు ఉప్పు తూర్పు సముద్ర తీరం నుంచి వచ్చేది. బంజారాలు ఎద్దుల మీద బస్తాలు వేసి, సాలూరు వంటి కనుమ దారుల వెంట వందల ఎద్దులను తోలుకుంటూ వచ్చేవారు. ఎద్దు వీపు మీద పట్టేది మహా అయితే ఒకటి రెండు బస్తాలు. లాగుడు బలం లెక్కలో చూస్తే అంతకన్నా తక్కువ సామర్థ్యం గల సాధనం లేదు. అయినా ఆ వర్తకం శతాబ్దాలు నిలిచింది. ఎందువల్ల? ఉప్పు దించిన ఎద్దు మీద ధాన్యం ఎక్కేది. ఎద్దు దారి పక్కన గడ్డి మేసేది. అది ఎక్కలేని బాట లేదు. ఎటు వైపూ ఖాళీగా నడవని ఎద్దును చూసి, సగం దూరం ఖాళీగా పరుగెత్తే మన వాహనాలు నేర్చుకోవలసినది ఉన్నది.

1930ల ప్రారంభంలో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. ఈ సభలోని చాలామంది తల్లిదండ్రులు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి భిలాయికి ఆ మార్గం మీదనే వచ్చి ఉంటారు. నేడు విశాఖపట్నం తీరంలో దిగిన విదేశీ కోకింగ్ బొగ్గు భిలాయి కొలిమికి చేరడానికి కూడా అదే దారి.

సముద్రం, కొండ, గొట్టం

బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఓడను కూడా తూచి చూద్దాము. ఒక మాదిరి పెద్ద ఓడ 75,000 టన్నుల బొగ్గు తెస్తుంది. అది ఇరవై గూడ్సు బండ్లకు, దాదాపు నాలుగు వేల లారీలకు సమానం. టన్నుకు కిలోమీటరు చొప్పున చూస్తే ఓడకు మించిన చవక లేదు. అందుకే ఆస్ట్రేలియా నుంచి వేల కిలోమీటర్లు వచ్చిన బొగ్గు కూడా గిట్టుబాటు అవుతున్నది. కాని ఓడ విశాఖ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి భిలాయి వరకు ఐదు వందల పైచిలుకు కిలోమీటర్లు రైలే మోయాలి. రేవులో ఓడ ఎన్ని రోజులు నిలబడితే అంత అద్దె. ఓడ ఎంత పెద్దదైనా, ఆ బొగ్గు భిలాయికి చేరే వేగం మాత్రం రేవులో వ్యాగన్లు నిండే వేగమే.

పైన చెప్పిన లాగుడు బలం లెక్క చదునైన నేలకు సంబంధించినది. కొండలలో ఆ లెక్క మారిపోతుంది. వంద మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఎక్కే వాలు మీద ఏ వాహనమైనా టన్నుకు అదనంగా పది కిలోల లాగుడు భరించాలి. లారీకి అది పది నుంచి ఇరవై కావడం. రైలుకు రెండు నుంచి పన్నెండు కావడం, అంటే ఆరు రెట్లు. కాబట్టి కొండ రైలుకు శత్రువు. దీనిని ప్రత్యక్షంగా చూడాలంటే మన పొరుగునే ఉన్న బైలదిల్లాకు వెళ్ళాలి.

బైలదిల్లా ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో కిరండూల్ నుంచి కొత్తవలసకు సుమారు 446 కిలోమీటర్ల మార్గం నిర్మించారు. తూర్పు కనుమలలో అది ఎన్నో సొరంగాలను దాటుతుంది. సిమిలిగుడ వద్ద సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరి, అక్కడి నుంచి అరకు, బొర్రా మీదుగా సముద్రం వైపు దిగుతుంది. ఘాటులో నిండు బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. ఈ ఏర్పాటు రైలుకు అనుకూలం. దిగే బండిని నిలువరించేటప్పుడు కొత్త తరహా విద్యుత్ ఇంజన్లు కొంత విద్యుత్తును తిరిగి తీగలలోకి పంపుతాయి కూడా. 1976లో ప్రారంభమైన విశాఖ వెలుపలి రేవు పెద్ద ఖనిజపు ఓడలకు స్థానం కల్పించింది. అయితే భారీ వర్షాలకు కొండచరియలు విరిగిపడితే ఆ దారి మూసుకుపోతుంది.

అదే బైలదిల్లా నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గం కూడా ఉన్నది. ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి, నీటితో కలిపి పల్చని బురదగా గొట్టంలోకి తోస్తారు. దానికి డ్రైవరు అక్కర లేదు, వ్యాగను అక్కర లేదు, ఖాళీ తిరుగు ప్రయాణం అసలే లేదు. దుమ్ము లేదు. నా మూడు పరీక్షలలోనూ అది నెగ్గినట్లు కనిపిస్తుంది. కాని గొట్టం ఒకే సరుకును, ఒకే దిక్కుకు, ఒకే రూపంలో మోస్తుంది. నీరు సమృద్ధిగా కావాలి. చివరన ఆ నీటిని వేరు చేయాలి. ఆ పొడిని ఉండలు కట్టించే కర్మాగారం ఉండాలి. 2009లో హింసాత్మక చర్యల వల్ల దెబ్బతిని ఆ గొట్టం కొంతకాలం మూతపడింది. లారీకి రోడ్డు తెగితే వేరొక రోడ్డు ఉంటుంది. గొట్టం తెగితే వేరొక గొట్టం ఉండదు.

ఖర్చు ఎవరిది?

ఇంతవరకు కిలోలు, లీటర్లు చూశాము. హిందీలో "ఢులాయీ" అంటే మోత అనే అర్థమూ ఉన్నది, మోతకూలి అనే అర్థమూ ఉన్నది. మోత ఒకరిది, కూలి భరించేది మరొకరు అయినప్పుడు లెక్క క్లిష్టమవుతుంది.

1956లో కేంద్ర ప్రభుత్వం ఉక్కు మీద రవాణా ఖర్చును దేశమంతటా సమానం చేసింది. భిలాయి పక్కన కొన్నా, కన్యాకుమారిలో కొన్నా రైలు స్టేషను వద్ద ధర ఒకటే. దూరప్రాంతాలలో పరిశ్రమలు వెలిశాయి. దేశమంతా ఒక్కటనే భావానికి అది బలం చేకూర్చింది. కాని గని పక్కన ఉండడం వల్ల ఖనిజ ప్రాంతాలకు దక్కవలసిన సహజమైన మేలు తగ్గిపోయింది. 1992లో ఉక్కు మీద ఈ పద్ధతిని ఎత్తివేశారు. రెండు వాదాలలోనూ న్యాయం ఉన్నది.

దల్లీ–రాజహరా గనులు మరొక ప్రశ్నను మన ముందుంచాయి. అక్కడ వేలాదిమంది స్త్రీ పురుషులు చేతులతో ఖనిజం తవ్వి లారీలకు ఎత్తేవారు. పూర్తిగా యంత్రాలు పెడితే టన్ను ఖర్చు తగ్గుతుందని ఒక వాదం. 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘ్, శంకర్ గుహా నియోగి నాయకత్వంలో, పాక్షిక యాంత్రీకరణను ప్రతిపాదించింది. రాయి పిండి చేసే కఠినమైన పని యంత్రానికి ఇచ్చి, మిగిలిన పని మనుషులకు ఉంచాలని ఆ ప్రతిపాదన సారాంశం. ఆ ప్రతిపాదనతో ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, అది వేసిన ప్రశ్నను తప్పించుకోలేము. టన్నుకు ఎంత మిగిలిందని అడిగినప్పుడు, ఎవరికి మిగిలిందని కూడా అడగాలి.

నా జవాబు

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు వస్తాను. దల్లీ–రాజహరాలో నిక్షేపాలు తరిగిపోతున్నందున రావ్‌ఘాట్ కొండలకు 95 కిలోమీటర్ల కొత్త రైలు మార్గం తలపెట్టారు. అది దశలవారీగా సాగి, 2022లో అంతాగఢ్‌కు, 2023లో తాడోకీకి చేరింది. రైలు ఎక్కడి దాకా వచ్చిందో అక్కడి దాకా ఖనిజాన్ని లారీలు తెస్తాయి. రైలు ఒక స్టేషను ముందుకు జరిగితే లారీల దారి అంత పొట్టిదవుతుంది. చివరికి గని గట్టుకే పట్టాలు చేరినప్పుడు ఆ పని ముగిసిపోతుంది.

తమ్ముడూ, ఖనిజానికి రైలే తగినదని నేను చెప్పక తప్పదు. దాన్ని దాచడం నీకు మేలు చేయడం కాదు. నీ లారీకి రైలు ఆగిన చోటు నుంచి గుమ్మం వరకు ఎల్లప్పుడూ పని ఉంటుంది. చువ్వలు, సిమెంటు, ధాన్యం, కూరగాయలు, ఇల్లు మారే సామానులు ఉంటాయి. రెండు వైపులా లోడు దొరికే దారిని వెతుక్కో. ఖాళీ తిరుగు ప్రయాణమే నీకు నిజమైన పోటీదారు.

అయితే నీకు రావలసినది మరొకటి ఉన్నది. రైలు ఫలానా ఏడు ఫలానా చోటికి చేరుతుందని ప్రణాళిక రచించేవారికి ఎన్నో ఏళ్ళ ముందే తెలుసు. ఐదేళ్ళ వాయిదాలపై లారీ కొనేవానికి అది తెలియదు. ఆ తేదీ, దానితోపాటు వచ్చే మార్పు, సంతకం పెట్టకముందే నీకు తెలియాలి. కార్యాలయంలోని కాగితం మీద ఉంటే చాలదు. హిందీలోనో, ఛత్తీస్‌గఢీలోనో, గోండీలోనో, తెలుగులోనో, ఎవరికి అర్థమయ్యే భాషలో వారికి అందాలి. కాగితం బయలుదేరినంత మాత్రాన అది రవాణా అవుతుంది గాని చేరవేత కాదు. ఈ చివరి మోత మాత్రం రైలుదీ కాదు, లారీదీ కాదు. అది నావంటి వారిది. ఇన్నాళ్ళూ నేను నివేదికలను అనువదించి పంపడంతో నా పని ముగిసిందనుకున్నాను. అవి ఎవరికి చేరాయని అడగలేదు. నిన్నటి నీ ప్రశ్న నా చేత ఆ మాట అడిగించింది. అందుకు నీకు కృతజ్ఞతలు.